పసుపు పూసిన జాలారి

గుగ్గిలపు కోనలో, నరికేసిన జాలారి మొద్దు పక్కన కోమలిని నిలబెట్టి వచ్చాం పోయిన వారం. ఆమె ఆ అటవీ బీటుకు ఆఫీసరుగా వచ్చి రెండేళ్లు కూడా కాలేదు. కోనలో విత్తనం రాల్చే జాలారి చెట్లు పదకొండే మిగిలాయని కొండంతా కాలినడకన తిరిగి తేల్చింది ఆమే. ఇప్పుడవి పది. పోయిన ఆ ఒక్కదాన్ని ఎవరో తీరిగ్గా కొట్టి, కొమ్మలు చెక్కి, నలభై అడుగుల మానును కిందికి దించి తీసుకుపోయారు. ఇరవై ఏళ్లుగా ఆ కోనకు కాపలా కాస్తున్న చెంగయ్యను పిలిపించి రేంజ్ ఆఫీసర్ ధనశేఖర్ ఇంకా ప్రశ్న పూర్తి చేయకముందే, ఆ ముసలాయన "నాదే తప్పు, రాసుకోండి సార్" అన్నాడు. ఎవరికి ఇచ్చావు, ఎందుకిచ్చావు అంటే మాత్రం నోరు విప్పలేదు. శనివారం సాయంత్రం ఐదింటికల్లా కోమలి రిపోర్టు రాసి సంతకం పెట్టాలి. ఆ సంతకంతో చెంగయ్య జైలుకు పోతాడు.

ఇవాళ శనివారం.

దొంగ తనంతట తానే ఒప్పుకున్నాక ఇంకా తవ్వడం దేనికి అన్నది ధనశేఖర్ లెక్క. ఆయన్ను పూర్తిగా తప్పుపట్టలేం. ఎర్రచందనం కేసులతో నలిగి సగమైన మనిషి. ఎర్రచందనానికి పోలీసులున్నారు, కోర్టులున్నాయి, గోడౌన్లున్నాయి, పట్టుబడిన రోజు పేపర్లో ఫోటోలు కూడా ఉంటాయి. జాలారికి చెంగయ్య ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడే దొంగ అని రాసేస్తే ఫైలు మూసుకుపోతుంది. కోమలికి మాత్రం ఆ మాట గొంతు దిగలేదు.

చెట్ల పేర్లు ఆమె ట్రైనింగులో పుస్తకం చూసి నేర్చుకుంది. చెట్లను నేర్చుకుంది చెంగయ్య దగ్గర. యేగిస బెరడు మీద గాటు పడితే ఎర్రటి జిగురు ఎంతసేపట్లో ఊరుతుందో, సిరిమాను ఏ నెలలో ఆకు రాలుస్తుందో, తెల్లకరక ఏ రాళ్లలో నిలబడుతుందో ఆయన చేత్తో తాకించి చెప్పాడు. జాలారి కాయకు రెక్కలుంటాయనీ, జూన్ నెల గాలి లేస్తే అది గిరగిరా తిరుగుతూ తల్లిచెట్టుకు దూరంగా పోయి పడుతుందనీ, పడ్డ పది రోజుల్లో వేరు పట్టకపోతే కుళ్లిపోతుందనీ చెప్పింది కూడా ఆయనే. దాని విత్తనాన్ని డబ్బాలో దాచిపెట్టి వచ్చే ఏడు నాటుకుందామంటే కుదరదు. చెట్టు నిలబడి ఉంటేనే విత్తనం. ప్రపంచంలో ఈ కొండల వరస దాటితే ఆ చెట్టు దొరకడమే కష్టమని కోమలి పుస్తకంలో చదివి చెప్పింది. ఆ తర్వాత వారం రోజులు చెంగయ్య పదకొండు చెట్ల దగ్గరికీ రోజూ పోయి వచ్చాడు. అట్లాంటి మనిషి ఆ చెట్టును అమ్ముకున్నాడంటే నమ్మేదెట్లా?

పొద్దున పదిన్నరకు ఆమె ఫోనులోకి ఒక వీడియో వచ్చింది. కంచిబండపల్లె కొత్త గుడికి ధ్వజస్తంభం నిలబెడుతున్నారట, భక్తులందరూ రావాలట. కొబ్బరాకుల పందిట్లో బల్లల మీద పడుకోబెట్టిన పొడవాటి మాను. ఆడవాళ్లు దానికి పసుపు రాస్తున్నారు. కోమలి వీడియోను ఆపి, పెద్దది చేసి చూసింది. మాను మొదట్లో ఒకవైపు కొద్దిగా నొక్కుకుపోయిన పల్లం ఉంది. కొట్టేసిన ఏడో నంబరు జాలారికి సరిగ్గా అక్కడే అట్లాంటి పల్లం ఉండేది. ఎండాకాలంలో ఆమె అక్కడే వీపు ఆనించి కూర్చునేది.

పోయి చూసి రమ్మన్నాడు ధనశేఖర్. ఐదింటి గడువు మాత్రం మారదన్నాడు. మానును గుర్తుపట్టడానికని చెప్పి ఆమె చెంగయ్యను బైకు మీద వెనక కూర్చోబెట్టుకుంది.

తిరుపతి దాటేసరికి కొండ మీదికి పోయే బస్సుల రద్దీ వెనకబడి, మామిడికాయల ట్రాక్టర్లు ఎదురయ్యాయి. జ్యూసు ఫ్యాక్టరీ గేటు ముందు అవి మైలు పొడుగున ఆగిపోయి ఉన్నాయి. ఎండకు పండి పగిలిన కాయల పులుపు వాసన, దాని మీద చెంగయ్య వంటికి ఎప్పుడూ అంటిపెట్టుకునే వేపనూనె వాసన. బేస్ క్యాంపులో దోమలకు ఆయన మందు అదే. సంచిలో చిన్న సీసా లేకుండా అడుగు బయటపెట్టడు. కోమలి దారిపొడుగునా ఏదో ఒకటి అడుగుతూనే ఉంది. ఆయన "ఊఁ మేడం", "లేదు మేడం" అన్నాడు. అడవిలో ఉన్నప్పుడు ఆమెను ఆయన ఏనాడూ మేడం అనలేదు. పాపా అనేవాడు. ఆ పిలుపు మారడమే ఆమెకు రిపోర్టు కంటే ఎక్కువ భయం కలిగించింది.

పందిట్లోకి పోగానే గుడి కమిటీ పెద్ద చిన్నబ్బ ఎదురొచ్చి మజ్జిగ తెప్పించాడు. యూనిఫాం వేసుకున్న ఆఫీసరమ్మ తమ స్తంభాన్ని చూడ్డానికి వచ్చిందని ఆయన సంతోషం. వడ్రంగి మునిరత్నం ఆచారి మాను మీద దారం లాగి వంకర చూస్తున్నాడు. కోమలి మజ్జిగ గ్లాసు కింద పెట్టి, మాను వెంట వేళ్లు పెట్టి నడిచింది. రొమ్ము ఎత్తున ఉండాల్సిన చోట ఒక చిన్న చిల్లు, మైనం పెట్టి పూడ్చి ఉంది. ఏడో నంబరు రేకును ఆమె స్వయంగా మేకు కొట్టి బిగించిన చిల్లు అది. గోరుతో మైనం తీసేసింది. లోపల తుప్పు గీత కనబడింది.

ఇది దొంగతనంగా కొట్టిన చెట్టని ఆమె అందరికీ వినబడేలా చెప్పింది.

పందిట్లో పసుపు గిన్నెల చప్పుడు ఆగిపోయింది. చిన్నబ్బ మొహం నల్లబడింది. దేవుడి స్తంభాన్ని పట్టుకుని దొంగసొత్తు అంటే ఊరు ఊరుకుంటుందా? ఒకరిద్దరు ఆడవాళ్లు గట్టిగానే అందుకున్నారు. చిన్నబ్బ వాళ్లను కసిరి, గుడిలోకి పోయి ప్లాస్టిక్ కవరులో భద్రంగా పెట్టిన కాగితం తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ధ్వజస్తంభానికి గాను ఒక నారేప చెట్టు కొట్టుకోవడానికి అనుమతి. చెట్టు కోన బయట, కింద వాగు పక్కన ఉంది. దాని మీద, కొట్టొచ్చనే గుర్తుగా, డిపార్ట్‌మెంటు సుత్తి ముద్ర ఉందని కూడా రాసి ఉంది. కాగితం నిజమైనదే.

"ఇది నారేపకు ఇచ్చిన కాగితం," అంది కోమలి. "మీరు కొట్టింది జాలారిని. అది కూడా రెండు మైళ్లు పైకి పోయి."

చిన్నబ్బ ఆచారి వైపు చూశాడు. ఆచారి దారం చుట్టి పక్కన పెట్టాడు. తొందర లేని మనిషి. తన పని మీద అనుమానం వచ్చినప్పుడు మాత్రమే మాట్లాడేవాడిలా ఉన్నాడు.

"ముద్ర ఏసిన నారేపను గొడ్డలి మడంతో కొట్టి సూసినానమ్మా. లోపల తొర్ర ఉండాది. తొర్ర ఉండే మాను స్తంభానికి పనికిరాదు. సరే, ఇంగోటి సూపిస్తారేమో అడుగుదామని మీ క్యాంపు కాడికి పైకి పోతిమి. ఆ పొద్దు క్యాంపులో ఎవ్వురూ లేరు. వచ్చే దోవలోనే ఈ సెట్టు కనబడింది. మొదట్లో పసుపు, కుంకం బొట్లు, పచ్చగుడ్డ కట్టి ఉండాది. స్తంభానికి ఎన్నిక చేసిన సెట్టుకు అట్లనే కదమ్మా చేస్తారు? తొర్ర సంగతి మీ వాళ్లకు ముందే తెలిసి, మాకని దీన్ని పూజ చేసి పెట్టినారని అనుకుంటిమి. మాకు కన్నీళ్లు వచ్చినాయి. దండం పెట్టుకొని కొట్టినాము."

కోమలి బల్ల అంచు పట్టుకుంది.

పసుపు పూయించింది ఆమే.

రెండు నెలల కిందటి మాట. ఎర్రచందనం కోసం వచ్చే కూలీలు కోనలో అడ్డదారులు చేసుకుంటూ, కావళ్లకనీ పొయ్యిలోకనీ చేతికి దొరికిన ప్రతి చెట్టునూ నరుకుతున్నారు. బోర్డులు పెడితే పీకేశారు. రేకు నంబర్లు పెడితే నవ్వుకున్నారు. అప్పుడు కోమలికి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. ఎంత కరుడుగట్టిన కూలీ అయినా పసుపు కుంకుమ పెట్టిన చెట్టు మీద గొడ్డలి వేయడు. పదకొండు జాలారి చెట్లకూ పసుపు రాసి, బొట్లు పెట్టి, పచ్చగుడ్డ కట్టమంది. అది పనిచేసింది కూడా. రెండు నెలల్లో ఒక్క కొమ్మ తెగలేదు. మీటింగులో ఆమె చేత ఆ సంగతి చెప్పించి అందరూ చప్పట్లు కొట్టారు. ఇంటికి పోయి అమ్మకు ఫోను చేసి మరీ చెప్పుకుంది.

ఆ పని చెప్పిన రోజు చెంగయ్య పసుపు పొట్లం మళ్లీ ఆమె వైపు చాపాడు. "వద్దులే పాపా," అన్నాడు. "పసుపు పూస్తే సెట్టు దేవుడిదైపోతాది. మళ్ళ మనది అంటే ఎవురు ఇంటారు?" కోమలి నవ్వింది. దేవుడిదైతే మరీ మంచిది కదా చిన్నాయనా, ఎవరూ ముట్టుకోరు అంది. ఆయన ఇంకేమీ అనకుండా పోయి పూసి వచ్చాడు.

అడవిని ఇరవై ఏళ్లు చూసిన మనిషి ఆ రోజు చెప్పిన మాట ఆమె వినలేదు. వినకపోగా నవ్వింది. తన చేత్తోనే ఆ చెట్టును గొడ్డలికి అప్పగించినట్టయింది. 

పందిటి గుంజకు ఆనుకుని నిలబడ్డ చెంగయ్య వైపు ఆమె చూసింది. ఆయన మాను వైపు చూడటం లేదు. కింద పడ్డ పసుపు ముద్దను బొటనవేలితో మట్టిలోకి నెడుతున్నాడు.

"నీకు తెలుసు కదా?" అంది.

ఆయన తలెత్తలేదు. మొద్దును చూసిన రోజే తెలుసట. కొట్టిన చెక్కపేళ్ల మీద పసుపు అంటుకుని ఉందట. మొద్దు పక్కన కొబ్బరిచిప్పలు, కాలిన కర్పూరం మసి కూడా చూశాడట. దొంగ అయితే కొబ్బరికాయ కొట్టడు. అవన్నీ ఏరి, ఆమె పైకి వచ్చేలోపల వాగులో పారేశాడట. చెట్టు కొట్టిన రోజు తాను క్యాంపులో లేకపోవడానికి కారణం బియ్యం తేవడానికి తిరుపతి పోవడమే. పంపింది కోమలే. అదీ ధనశేఖర్‌కు చెప్పలేదు.

"ఎందుకు చెప్పలేదు చిన్నాయనా? నిన్ను దొంగ అంటుంటే ఎందుకు ఊరుకున్నావు?"

"నువ్వు పూయమన్న పసుపు వల్లే సెట్టు పోయిందని నేను అంటే నీ ఉద్యోగం పోతాది. ఇంగా పర్మినెంటు కాలేదు కదా నీది. నేను ముసిలోణ్ణి, పోతే ఏం పోతాది? నువ్వు ఉంటే మిగిలిన పదికి ఒక మనిషి ఉన్నట్టు. నేనుండి ఎన్నాళ్లు కాపలా కాస్తాను?" ఆ మాట ఆయన మెల్లగా, ఎవరి మీదా నిష్ఠూరం లేకుండా అన్నాడు.  "ఆ సెట్టు మా నాయన గుగ్గిలం తీసిన సెట్టు."

చిన్నబ్బ అక్కడే నిలబడి ఇదంతా విన్నాడు. ఆయనకు కోపం పోయి, ఏం చేయాలో తోచనితనం వచ్చింది. స్తంభం ఎల్లుండి లేవాలి. మేము పాపం చేసినామా, పుణ్యం చేసినామా అని ఆచారిని అడిగాడు. ఆచారి మాను మీద చెయ్యి వేసి తీసేశాడు. అప్పుడే ఆయనకు ఇంకేదో గుర్తొచ్చినట్టు మొహం మారింది.

"అమ్మా, ఒక మాట. నెమిలిగుంటపల్లె వాళ్లు కూడా స్తంభానికి అర్జీ పెట్టుకొని ఉండారు. కాగితం ఇంగా రాలేదు. మా బావమరిది మునికృష్ణ వాళ్లకు పని చేస్తాండాడు. కోనలో పసుపు పెట్టిన సెట్లు ఇంగా ఉండాయని నేనే సెప్పినాను. మీరు వాళ్లకూ ఎన్నిక చేసి పెట్టినారని సంతోషపడి, కాగితం తర్వాత వస్తాదిలే అని పొద్దున్నే పోయినారు."

కోమలి వెంటనే ఫోను తీసింది. ఆచారి తల అడ్డంగా ఊపాడు. కోనలో సిగ్నలు లేదని ఆమెకు మాత్రం తెలియదా? అయినా రెండుసార్లు కొట్టి చూసింది.

ఇప్పటికే కొట్టేసి ఉంటారా అని అడిగింది. ఉండరన్నాడు ఆచారి. వాళ్ల కుటుంబాల్లో తాతల నాటి కట్టు ఒకటుంది. స్తంభానికి చెట్టు కొట్టేటప్పుడు కోన మొదట్లో నువ్వులనూనె దీపం పెట్టి, చెట్టు మీద కాపురమున్న పక్షులకూ గాలికీ ధూళికీ సెలవు చెప్తారు. కొట్టేవాళ్లు పైకి పోయి చెట్టు చుట్టూ కూర్చుంటారు. దీపం వెలుగుతున్నంతసేపూ ఎవ్వరూ గొడ్డలి ఎత్తకూడదు. దీపం దగ్గర ఒక మనిషి కాపలా ఉంటాడు. అది కొండెక్కాక ఆయన కేక వేస్తాడు. రాళ్ల మధ్య ఆ కేక పైదాకా వినిపిస్తుంది. అప్పుడు మొదటి దెబ్బ పడుతుంది.

"పదకొండు గంటలకు మంచి గడియ అని, అప్పుడు దీపం పెడతామన్నారు. నిండుగా పోసుంటే మూడు గంటలు నిలుస్తాది," అన్నాడు ఆచారి.

అప్పటికి పన్నెండున్నర.

కోమలి పందిట్లోంచే ధనశేఖర్‌కు ఫోను చేసింది. చెట్టు పోయింది పసుపు వల్లేననీ, ఆ పసుపు పూయమన్నది తానేననీ, చెంగయ్యను ఆ రోజు బజారుకు పంపింది తానేననీ, రిపోర్టులో తన పేరే రాస్తాననీ ఊపిరి తీసుకోకుండా చెప్పింది.  రాసి సంతకం పెడితే మళ్లీ వెనక్కి తీసుకోలేవు, ఆలోచించుకున్నావా అని అడిగాడాయన. ఆలోచించేదేం లేదు సార్, కోనకు మనుషుల్ని పంపండి అంది. అందరూ ఎర్రచందనం కూంబింగులో ఉన్నారు, రెండు గంటలు పడుతుందన్నాడు. పక్కనే ఉండి విన్న చెంగయ్య వద్దు వద్దని చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకుని బైకు దగ్గరికి లాక్కుపోయింది.

తిరుగుదారిలో మామిడి ట్రాక్టర్ల మధ్య ఇరుక్కుని ఇరవై నిమిషాలు పోయాయి. ఎన్ని చెట్లకు పూశావని ఆమె అరిచి అడిగింది, తెలిసి కూడా. "నువ్వు సెప్పిన పదకొండుకూ," అన్నాడు వెనక నుంచి. "వాన పడి పసుపు కారిపోతే, ఆ సెట్టు పోయేదానికి రెండు దినాల ముందే మళ్లీ పూసినాను." 

కోన మొదట్లో ఒక ట్రాక్టరు ఆగి ఉంది. మనుషులు లేరు. ఎత్తయిన బండ మీద మట్టి ప్రమిద, దాని పక్కన గొంతుక్కూర్చున్న మునికృష్ణ. దీపం ఉంది. కానీ నూనె అడుగంటింది. వత్తి మొదలు దాకా నల్లబడి మంట వేలెడు కూడా లేదు.

ఇది డిపార్ట్‌మెంటు చెట్టు, కొట్టడానికి అనుమతి లేదు, కేక వేయడానికి వీల్లేదని కోమలి చెప్పింది. మునికృష్ణ ఆమె యూనిఫాం వైపు మర్యాదగానే చూశాడు. పసుపు పెట్టింది మీరే కదమ్మా అన్నాడు. చెట్టు సంగతి పైన ఉన్న పెద్దలతో మాట్లాడుకోమన్నాడు. తన పని దీపం చూడటం. అది కొండెక్కితే కేక వేయాల్సిందే, వేయకపోతే దోషం తన ఇంటికి తగులుతుంది. ఆమె కేసు అంది, జైలు అంది. ఆయన దీపం మీది నుంచి చూపు తిప్పలేదు.

పైకి ముప్పావు గంట నడక.

చెంగయ్య సంచి విప్పాడు. వేపనూనె సీసా తీసి, మూత పళ్లతో లాగి, ప్రమిదలో మెల్లగా వంచాడు. మంట ఒకసారి చిటపటలాడి, నిలబడి, పెద్దదైంది. చేదు వాసన లేచింది. మునికృష్ణ ఆపబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వెలిగే దీపంలో నూనె పోసేవాణ్ణి వద్దనే కట్టు ఏ తాతా పెట్టలేదు.

"పో పాపా," అన్నాడు చెంగయ్య. పొద్దుటి నుంచి మొదటిసారి ఆ పిలుపు. "పైన పసుపు కడిగేసేది నీ పని. ఇది ఆరకుండా సూసేది నా పని."

కోమలి పరుగెత్తింది. మొదటి మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూసింది. ముసలాయన బండకు అడ్డంగా కూర్చుని, రెండు చేతులూ మంట చుట్టూ పెట్టుకుని ఉన్నాడు. పక్కన సీసాలో రెండు వేళ్ల నూనె మిగిలి ఉంది. పైన ఎండుటాకులు గలగలమన్నాయి. ఇన్నాళ్లుగా జాలారి కాయలు ఎదురుచూస్తున్న జూన్ గాలి, కోనలోకి అప్పుడే దిగడం మొదలుపెట్టింది.